టీవీలో బొమ్మ తెగిపోతోందా? డాబా మీద సరైన యాంటెన్నా ఇలా పెట్టుకోండి

టవర్ నుంచి గాల్లో వచ్చే టీవీ ప్రసారాలు ఇంట్లో సరిగ్గా అందడం లేదంటే చాలామంది ఇచ్చే మొదటి సలహా ‘బూస్టర్ పెట్టించుకోండి’ అని, అంటే సిగ్నల్‌ను పెంచే చిన్న పరికరం. ఇప్పుడే పెట్టించుకోకండి. యాంటెన్నాకు అందని సిగ్నల్‌ను ఏ బూస్టరూ పుట్టించలేదు. అందిన కాస్త సిగ్నల్‌నీ, దాంతో పాటు వచ్చిన నాయిస్‌నీ (పనికిరాని విద్యుత్ రొదనీ) కలిపే పెంచుతుంది, పైగా తన వంతు నాయిస్ కొంత చేరుస్తుంది. బావిలో నీళ్లు లేనప్పుడు మోటార్ మార్చి ఏం లాభం? యాంటెన్నా, దాని ఎత్తు, అది చూసే దిక్కు, కిందికి దిగే కేబుల్ సరిగ్గా కుదిరితే చాలా ఇళ్లలో బూస్టర్ అవసరమే రాదు.

ఇది డిష్ గురించి కాదని ముందే చెప్పేస్తాను. డిష్ ఆకాశంలో ఉన్న ఉపగ్రహం వైపు చూస్తుంది. ఇక్కడ చెప్పేది నేల మీది టవర్ వైపు చూసే కడ్డీల యాంటెన్నా సంగతి.

1. ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

పాత అనలాగ్ ప్రసారాల్లో సిగ్నల్ తగ్గేకొద్దీ తెర మీద చుక్కలు పెరిగేవి, బొమ్మ పక్కన నీడలా ఇంకో బొమ్మ కనిపించేది. అయినా ఎలాగోలా చూసేవాళ్లం. డిజిటల్‌లో ఆ ‘ఎలాగోలా’ దాదాపు లేదు. సిగ్నల్ ఒక గీతకు పైన ఉన్నంతసేపు బొమ్మ శుభ్రంగా ఉంటుంది. గీత కిందికి జారిందో, బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది, మాట తెగిపోతుంది, ఆ తర్వాత ‘నో సిగ్నల్’. అంటే ఇప్పుడు బొమ్మ బాగున్నంత మాత్రాన సిగ్నల్ దండిగా ఉందని కాదు. సరిగ్గా ఆ గీత మీదే నిలబడి ఉండొచ్చు. ఊగే చెట్టుకొమ్మ ఒకటి చాలు, కిందికి తోసేయడానికి.

అందుకే బొమ్మను చూసి కాదు, అంకెలు చూసి నిర్ణయించుకోండి. చాలా టీవీల్లో, సెట్‌టాప్ బాక్సుల్లో ట్యూనింగ్ మెనూలోకి వెళ్తే రెండు పట్టీలు కనిపిస్తాయి: సిగ్నల్ స్ట్రెంగ్త్, సిగ్నల్ క్వాలిటీ. రెండూ తక్కువగా ఉంటే సిగ్నలే అందడం లేదు. స్ట్రెంగ్త్ నిండుగా ఉండి క్వాలిటీ మాత్రం పడిపోతుంటే కథ వేరు. గోడలకు, కొండలకు తగిలి ఆలస్యంగా వచ్చిన సిగ్నల్ అసలు సిగ్నల్‌ను పాడు చేస్తుండొచ్చు, ఇంకేదో పరికరం అడ్డు తగులుతుండొచ్చు, లేదా సిగ్నల్ అవసరానికి మించి ఉండొచ్చు. ఈ రెండో రకం రోగానికి బూస్టర్ పెడితే నయం కాదు సరికదా, ముదురుతుంది.

ఎప్పుడు పోతోందో కూడా గమనించండి. వాన పడ్డాకే పోతుంటే కేబుల్ జాయింట్‌లోకి నీళ్లు దిగుతున్నాయన్నమాట. గాలి వీచినప్పుడే అయితే ఎక్కడో నట్టు వదులైంది, లేదా చెట్టు అడ్డొస్తోంది. ఫలానా గదిలో లైటు వేసినప్పుడే అయితే ఆ ఎల్‌ఈడీ బల్బునో, పక్కనున్న చార్జర్‌నో అనుమానించండి. నాసిరకం వాటి నుంచి వచ్చే నాయిస్ వీహెచ్‌ఎఫ్ ఛానళ్లను (తక్కువ ఫ్రీక్వెన్సీలో వచ్చేవాటిని) బాగా ఇబ్బంది పెడుతుంది. వాటిని మార్చడానికి డాబా ఎక్కనక్కర్లేదు.

ఇంకో పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. డాబా నుంచి వచ్చే కేబుల్ సిగ్నల్‌ను పలు టీవీలకు పంచే స్ప్లిటర్‌లోకో, పాత బూస్టర్‌లోకో వెళ్తుంటే వాటన్నిటినీ పక్కన పెట్టి కేబుల్‌ను నేరుగా టీవీకి తగిలించి చూడండి. బొమ్మ నిలబడితే దొంగ దొరికినట్టే. అలాగే పక్కింటివాళ్లకు ఎలా వస్తోందో కనుక్కోండి. వాళ్లకూ రాకపోతే టవర్ దగ్గరే ఏదో పని జరుగుతూ ఉండొచ్చు. వాళ్లకు బాగా వస్తుంటే మీరు చేయబోయే పనికి భరోసా దొరికినట్టే. వాళ్ల యాంటెన్నా ఎటు తిరిగి ఉందో, ఎంత ఎత్తులో ఉందో ఓసారి తలెత్తి చూసుకోండి.

టీవీ పాతదైతే దానిలోని ట్యూనర్ మీ ప్రాంతంలోని ప్రసారాలను అర్థం చేసుకోగలదా అన్నది కూడా చూడాలి. డిజిటల్ ప్రసారాలకు ఒక్కో దేశం ఒక్కో పద్ధతి వాడుతుంది: డీవీబీ-టీ2, ఏటీఎస్‌సీ, ఐఎస్‌డీబీ-టీ అంటూ. టీవీలో ఆ ట్యూనర్ లేకపోతే ఎంత మంచి యాంటెన్నా పెట్టినా తెర నల్లగానే ఉంటుంది. దానికి మందు సెట్‌టాప్ బాక్సే.

2. టవర్ ఎటుంది, ఏ బ్యాండ్‌లో పంపిస్తోంది

ప్రసార సంస్థల వెబ్‌సైట్లలో టవర్ ఉన్న చోటు, ఛానళ్ల ఫ్రీక్వెన్సీలు దొరుకుతాయి. టవర్‌ను ఫోన్‌లోని మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని, మీ ఇంటి నుంచి అది ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరాన ఉందో రాసుకోండి. దిక్కు చూసుకోవడానికి ఫోన్‌లోని కంపాస్ చాలు. కాకపోతే ఇనుప పైపులకు, నీళ్ల ట్యాంకు చట్రానికి కాస్త దూరంగా నిలబడి చూడండి, లేకపోతే తప్పు చూపిస్తుంది.

టీవీ తరంగాలు దాదాపు చూపు పోయినంత దూరమే పోతాయి. ఎంత దూరం అందొచ్చో ఒక సులువైన లెక్కతో తెలుస్తుంది. టవర్ ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణించండి. మీ యాంటెన్నా ఎత్తుకూ అలాగే చేసి, రెండూ కలపండి. వచ్చేది కిలోమీటర్లలో దూరం. టవర్ 150 మీటర్లు, మీ యాంటెన్నా 9 మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 50, 12 కలిపి 62 కిలోమీటర్లు. ఇది మధ్యలో కొండలు, పెద్ద భవనాలు లేని చదును నేలకు. దీన్నిబట్టి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. యాంటెన్నాను 9 మీటర్ల నుంచి 16 మీటర్లకు లేపితే లెక్కలో కలిసొచ్చేది 4 కిలోమీటర్లే. దూరం కోసమే అయితే పైపు పొడవు పెంచుకుంటూ పోవడంలో అర్థం లేదు. ఎదురుగా ఉన్న ఇంటి పిట్టగోడనో చెట్లనో దాటడానికైతే మాత్రం ఒక్క మీటరు కూడా పనికొస్తుంది.

ఫ్రీక్వెన్సీ ఎందుకంటే, యాంటెన్నా కడ్డీల పొడవు దాన్నిబట్టే ఉంటుంది. టీవీ వాడే పై వీహెచ్‌ఎఫ్ బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల పట్టీ) సుమారు 174 నుంచి 230 మెగాహెర్ట్జ్ వరకు. యూహెచ్‌ఎఫ్ 470 నుంచి మొదలవుతుంది. 200 మెగాహెర్ట్జ్ దగ్గర సగం తరంగం పొడవు 75 సెంటీమీటర్లు, 500 దగ్గర 30 సెంటీమీటర్లు. కడ్డీ దాదాపు అంతే పొడవు ఉండాలి. కాబట్టి పొట్టి కడ్డీల యూహెచ్‌ఎఫ్ యాంటెన్నాతో వీహెచ్‌ఎఫ్ ఛానల్ పట్టాలని చూస్తే అది రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒక్క ఛానల్ గుంపు మాత్రమే మొరాయిస్తుంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

3. యాంటెన్నా కొనేటప్పుడు

డాబాల మీద మనం ఎక్కువగా చూసేది యాగి-ఉడా యాంటెన్నా. 1926లో జపాన్‌లోని తొహొకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉడా, హిదెత్సుగు యాగి దీన్ని తయారు చేశారు. సూత్రం ఇప్పటికీ అదే. మధ్యలో కేబుల్ తగిలించే కడ్డీ ఒకటి, దాని వెనక కాస్త పొడవైన రిఫ్లెక్టర్, ముందు వరుసగా పొట్టి డైరెక్టర్లు. డైరెక్టర్లు ఎక్కువయ్యేకొద్దీ ఎదురుగా వచ్చే సిగ్నల్‌ను గట్టిగా పట్టుకుంటుంది, పక్కల నుంచి, వెనక నుంచి వచ్చేదాన్ని వదిలేస్తుంది. దూరంగా ఉన్న ఒకే టవర్‌కు ఇది చక్కగా సరిపోతుంది. ఒక్కటే చిక్కు, గురి కూడా అంతే కచ్చితంగా ఉండాలి.

వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ రెండూ కావాలంటే లాగ్-పీరియాడిక్ రకం గానీ, రెండు బ్యాండ్లకూ కడ్డీలున్న కాంబో రకం గానీ తీసుకోండి. టవర్లు రెండు మూడు దిక్కుల్లో ఉండి, అన్నీ దగ్గరగానే ఉంటే గురి అంత ఇరుకుగా లేని చిన్న యాంటెన్నాయే మేలు.

డబ్బా మీద రాసేవాటిలో ఎక్కువ భాగం పట్టించుకోనక్కర్లేదు. ‘ఇన్ని కిలోమీటర్ల రేంజ్’ అన్నదానికి అర్థం లేదు. దూరం మీ నేలను, టవర్ శక్తిని బట్టి ఉంటుంది, డబ్బాను బట్టి కాదు. ‘హెచ్‌డీ యాంటెన్నా’, ‘4కే యాంటెన్నా’ అనేవి కూడా అమ్మకపు మాటలే. యాంటెన్నాకు తెలిసింది ఫ్రీక్వెన్సీ ఒక్కటే, బొమ్మ ఎంత నాణ్యమైనదో దానికి తెలియదు. చూడాల్సింది బ్యాండ్, డెసిబెల్స్‌లో గెయిన్ (ఎదురు సిగ్నల్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె), కడ్డీల మందం, క్లాంప్ గట్టితనం. గెయిన్ పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఒకరు డీబీఐలో (అన్ని దిక్కులా సమంగా పట్టే ఊహా యాంటెన్నాతో పోల్చి), ఇంకొకరు డీబీడీలో (మామూలు డైపోల్ కడ్డీతో పోల్చి) రాస్తారు. ఒకే యాంటెన్నాకు డీబీఐ అంకె 2.15 ఎక్కువగా కనిపిస్తుంది. ఇంకో సంగతి, యాంటెన్నా పొడవు రెట్టింపు చేసినా పెరిగే గెయిన్ మూడు డెసిబెల్స్‌కు లోపే. అదే పొడవు గాలి తాకిడిని మాత్రం బాగా పెంచుతుంది. కాబట్టి అవసరానికి మించిన పెద్దది కొనకండి.

4. డాబా మీద చోటు, జాగ్రత్త

ముందు భద్రత. యాంటెన్నా, పైపు కలిపి ఎంత పొడవో, కరెంటు తీగలకు కనీసం దానికి రెట్టింపు దూరంలో ఉండండి. అంత దూరం దొరక్కపోతే ఆ పని మీరు చేయకండి. పైపు నిలబెట్టేటప్పుడు తూలి తీగల వైపు పడబోతే పట్టుకోవడానికి ప్రయత్నించకుండా వదిలేసి వెనక్కి జరగండి. యాంటెన్నా పోతే ఇంకోటి వస్తుంది. వానలో, ఈదురుగాలిలో, ఉరుముల్లో ఎక్కకండి. ఒంటరిగా అసలే వద్దు. పైపు పట్టుకోవడానికీ, కింద టీవీ చూసి చెప్పడానికీ ఎలాగూ మనుషులు కావాలి.

చోటు విషయానికొస్తే, టవర్ వైపు వీలైనంత తెరిపిగా ఉన్న మూల చూసుకోండి. రేకుల షెడ్డు, సోలార్ ప్యానెళ్లు, ఇనుప చట్రం యాంటెన్నాకు ముందు ఉండకూడదు. పక్కన వేరే యాంటెన్నా ఉంటే కనీసం ఒక మీటరు ఎడం ఉంచండి. పైపు బిగించే ముందు యాంటెన్నాను చేత్తో పట్టుకుని రెండు మూడు చోట్ల నిలబడి కింద క్వాలిటీ ఎంత చూపిస్తోందో అడగండి. ఇది అందరూ వదిలేసే పని, కానీ దీనంత లాభసాటిది లేదు. తిరిగొచ్చిన తరంగాల వల్ల, ముఖ్యంగా యూహెచ్‌ఎఫ్‌లో, అర మీటరు జరిగితే చాలు అంకె బాగా మారిపోతుంది. కొన్నిసార్లు ఎత్తు తగ్గిస్తేనే బాగా వస్తుంది కూడా.

పైపుకు తుప్పు పట్టని గాల్వనైజ్డ్ ఇనుము వాడండి. గోడకు కనీసం రెండు బ్రాకెట్లు, వాటి మధ్య బాగా ఎడం ఉండాలి. పై బ్రాకెట్ దాటి పైపు మూడు మీటర్లకు మించి లేస్తుంటే మూడు వైపులా లాగుడు తీగలు కట్టండి. పైపు పై కొస తెరిచి ఉంటే వాన నీళ్లు లోపలే నిలుస్తాయి, ప్లాస్టిక్ మూత ఒకటి పెట్టేయండి.

5. కేబుల్, కనెక్టర్

రిసెప్షన్ ఎక్కువగా చెడేది ఇక్కడే, మనం అతి తక్కువగా పట్టించుకునేదీ ఇక్కడే. టీవీ కేబుల్ 75 ఓమ్‌ల ఇంపెడెన్స్‌ది కావాలి. డాబా నుంచి దించడానికి ఆర్‌జీ-6 వాడండి. సన్నటి ఆర్‌జీ-59 కంటే దీనిలో నష్టం తక్కువ. అయినా 20 మీటర్ల ఆర్‌జీ-6లో యూహెచ్‌ఎఫ్ పై భాగంలో మూడు డెసిబెల్స్‌కు పైగా పోతాయి. అంటే పట్టుకున్న శక్తిలో సగం దారిలోనే పోయింది. కాబట్టి అవసరమైనంత కేబులే వేయండి, మిగిలిన చుట్టను టీవీ వెనక దాచుకోకండి. మధ్యలో అతుకు వద్దు, పై నుంచి కింది దాకా ఒకే ముక్క. ఏడెనిమిది సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగుతుగా వంచకండి, మేకులు కొట్టి నొక్కేయకండి.

కేబుల్ చివర బిగించే ఎఫ్ కనెక్టర్ వేయడం ఇలా. పై నల్ల తొక్కను సుమారు 12 మిల్లీమీటర్ల మేర, లోపలి జాలీ (సన్నటి తీగల అల్లిక) తెగనంత తేలిగ్గా కత్తితో చుట్టూ గీసి తీసేయండి. జాలీ తీగలను వెనక్కి, తొక్క మీదికి మడవండి. దాని కింద ఉన్న రేకును తెల్ల నురుగు మీదే ఉండనివ్వండి. ఇప్పుడు చివర 6 మిల్లీమీటర్ల మేర తెల్ల నురుగు తీసేస్తే మధ్య తీగ బయటపడుతుంది. ఆ తీగ మీద నురుగు పొర అంటుకుని ఉంటే గోటితో గీకేయండి, కత్తితో గీస్తే తీగ తెగే బలహీనత వస్తుంది. జాలీలోంచి ఒక్క వెంట్రుకంత తీగ మధ్య తీగను తాకినా షార్ట్ అయి మొత్తం సిగ్నల్ పోతుంది, వెలుతురులో తిప్పి చూడండి. కనెక్టర్‌లో తోశాక తెల్ల నురుగు లోపలి అంచుకు సమంగా కనిపించాలి, మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి. చేత్తో తిప్పి ఎక్కించే రకం కంటే కంప్రెషన్ టూల్‌తో నొక్కే రకం చాలాకాలం నిలుస్తుంది.

రెండు చివరలా కనెక్టర్లు వేశాక, దేనికీ తగిలించకముందే, మల్టీమీటర్‌ను కంటిన్యుటీ (తీగలు కలిస్తే బీప్ కొట్టే) సెట్టింగ్‌లో పెట్టి మధ్య తీగకూ బయటి తొడుగుకూ మధ్య చూడండి. బీప్ రాకూడదు. యాంటెన్నాకు తగిలించాక చూస్తే చాలా యాంటెన్నాల్లో బీప్ వస్తుంది. అది లోపలి తయారీ అలా ఉండటం వల్లే, కంగారు పడకండి.

యాంటెన్నా దగ్గరి జాయింట్‌కు మామూలు ఇన్సులేషన్ టేపు సరిపోదు, ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. సాగదీసి చుడితే తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు దొరుకుతుంది, అది కింది నుంచి పైకి చుట్టండి. పెంకులు ఒకదాని మీద ఒకటి ఉన్నట్టు ప్రతి చుట్టూ కింది చుట్టును కప్పాలి, నీళ్లు జారిపోతాయి. కేబుల్ ఇంట్లోకి వెళ్లే చోట కన్నానికి ముందు కిందికి చిన్న వంపు వదలండి. కేబుల్ వెంట దిగే నీళ్లు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి, టీవీ వెనక్కి రావు. నీళ్లు ఒకసారి కేబుల్ లోపలికి దిగితే జాలీ నల్లబడిపోతుంది. ఆ కేబుల్‌ను ఆరబెట్టి వాడుకుందామనుకోకండి, మార్చేయాల్సిందే.

6. గురి పెట్టడం

పొట్టి కడ్డీలున్న కొస టవర్ వైపు, పొడవైన రిఫ్లెక్టర్ వెనక. దీన్ని తిరగేసి పెట్టి నెలల తరబడి చూసేవాళ్లున్నారు. తర్వాత కడ్డీలు అడ్డంగా ఉండాలా నిలువుగా ఉండాలా అన్నది. టవర్ ఏ పోలరైజేషన్‌లో పంపిస్తే యాంటెన్నా అలాగే ఉండాలి. తేడా వస్తే భారీ నష్టం. టవర్ వివరాల్లో రాసి ఉంటుంది, లేకపోతే చుట్టుపక్కల యాంటెన్నాలు చూస్తే తెలుస్తుంది.

ఇక ‘వచ్చిందా?’ ‘ఆఁ వచ్చింది!’ ‘అయ్యో, పోయింది!’ అని డాబా మీది నుంచి అరుచుకునే పాత పద్ధతి ఇప్పుడు అవసరం లేదు. కింద ఒకరు టీవీ మెనూ ముందు ఫోన్ పెట్టి వీడియో కాల్ చేస్తే పైన మీకే అంకెలు కనిపిస్తాయి. అన్నిటికంటే నీరసంగా వచ్చే ఛానల్ పెట్టుకోండి. క్లాంప్ నట్లు సగం బిగించి, కంపాస్ దిక్కు నుంచి మొదలుపెట్టి ఐదు డిగ్రీలు తిప్పండి, ఆగండి. టీవీ కొత్త అంకె చూపించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. తొందరపడి తిప్పితే మంచి చోటు దాటిపోతారు. క్వాలిటీ పట్టీ పెరిగి నిలబడ్డాక, ఎడమవైపు ఎంత తిప్పితే పడిపోతోందో పైపు మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి, కుడివైపూ అలాగే. యాంటెన్నాను సరిగ్గా ఆ రెండు గుర్తుల మధ్యలో నిలపండి. నట్లు పూర్తిగా బిగించేటప్పుడు యాంటెన్నా కాస్త తిరిగిపోతుంది, బిగించాక మళ్లీ చూసుకోండి. చివరగా టీవీలో ఛానళ్ల స్కాన్ మొదటి నుంచి చేయించండి.

7. ఎర్తింగ్

పైపుకూ, కేబుల్ బయటి తొడుగుకూ ఎర్తింగ్ ఉండాలి. ఎర్త్ తీగ వీలైనంత పొట్టిగా, వంకర్లు లేకుండా దిగాలి, ఇంటి ఎర్తింగ్‌తో కలవాలి. ఇది మాత్రం ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఎంత ఎర్తింగ్ ఉన్నా నేరుగా పడే పిడుగు నుంచి టీవీకి రక్షణ ఉండదు. ఉరుములు మొదలవకముందే యాంటెన్నా కేబుల్, కరెంటు ప్లగ్గు రెండూ తీసేయండి. మొదలయ్యాక వాటిని ముట్టుకోవద్దు.

8. ఇప్పుడు బూస్టర్ సంగతి

అన్నీ కుదిరాక కూడా క్వాలిటీ గీత దగ్గరే ఊగుతుంటే, లేదా ఒకే యాంటెన్నా నుంచి నాలుగు టీవీలకు పంచాలంటే, అప్పుడు బూస్టర్ మాట ఆలోచించండి. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కో టీవీకి సుమారు మూడున్నర డెసిబెల్స్, నాలుగు దారులది ఏడు డెసిబెల్స్ తగ్గిస్తుంది. వాడని దారులుంటే 75 ఓమ్‌ల టర్మినేటర్ మూతలు బిగించండి.

బూస్టర్ పెట్టాల్సింది టీవీ వెనక కాదు, యాంటెన్నా పక్కనే, పైపు మీద. కేబుల్‌లో సిగ్నల్ సగం పోకముందే పెంచాలి, పోయాక పెంచితే మిగిలిన సిగ్నల్‌తో పోలిస్తే నాయిస్ వాటా ఎక్కువైపోతుంది. పైనున్న బూస్టర్‌కు కరెంటు అదే కేబుల్ గుండా కింది నుంచి వెళ్తుంది, దానికి ఇంట్లో చిన్న పవర్ యూనిట్ ఉంటుంది. దాన్ని స్ప్లిటర్ కంటే ముందు, అంటే యాంటెన్నా వైపు పెట్టండి. వెనక పెడితే చాలా స్ప్లిటర్లు ఆ కరెంటును పైకి పోనివ్వవు. పవర్ లేని బూస్టర్ సిగ్నల్‌ను పెంచకపోగా మింగేస్తుంది. కొనేటప్పుడు గెయిన్ ఎంత ఎక్కువ అని కాదు, నాయిస్ ఫిగర్ (బూస్టర్ తన వంతుగా చేర్చే నాయిస్) ఎంత తక్కువ అని అడగండి. టవర్ దగ్గరలోనే ఉంటే బూస్టర్ జోలికి పోకండి. బలమైన సిగ్నల్‌ను ఇంకా పెంచితే ట్యూనర్ ఉక్కిరిబిక్కిరై ఉన్న ఛానళ్లూ పోతాయి. అలాంటి చోట పనికొచ్చేది సిగ్నల్ తగ్గించే అటెన్యుయేటర్.

దగ్గరలో మొబైల్ టవర్ ఉంటే ఇంకో చిక్కు. ఒకప్పుడు టీవీకి వాడిన యూహెచ్‌ఎఫ్ పై భాగాన్ని చాలా దేశాలు 4జీ, 5జీ సేవలకు ఇచ్చేశాయి. పాత యాంటెన్నాలు, బూస్టర్లు ఆ తరంగాలనూ పట్టి పెంచేస్తాయి. బూస్టర్‌కు ముందు మొబైల్ తరంగాలను ఆపే ఎల్‌టీఈ ఫిల్టర్ ఒకటి తగిలించి చూడండి, చిన్నదే, చవకైనదే.

ఇంటికీ టవర్‌కూ మధ్య కొండ అడ్డంగా ఉంటే మాత్రం ఇవేవీ సరిపోకపోవచ్చు. ముందు ఇంకో దిక్కున మరో టవర్ గానీ, చిన్న రిలే కేంద్రం గానీ ఉందేమో చూడండి. ఏదీ లేదని తేలితే పైపు మీద ఇంకా డబ్బు పోయకుండా డిష్‌కో కేబుల్‌కో మారిపోండి.